తలుపవతల అయిదు ఎలుగుబంట్లు

మొదట అతని చేతిలో పడింది పద్నాలుగు వేలు, తలకి వెయ్యి. దాంతోనే కొండ మీద పైన్ అడవి ఊళ్లో ఒక ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుని, తనతో కలిపి పద్నాలుగు మంది చుట్టాల్ని తిప్పుకొచ్చాడు. అందరూ పక్కాలెక్క అని పిలిచే ఆ కుర్రాడు ఇప్పుడు టీ హోటల్లో రెండో విడతకి పేర్లు రాసుకుంటున్నాడు. పన్నెండు పేర్లయ్యాయి. అంతలో ఆ ఇల్లుగలావిడ ఫోను. "తలుపు చట్రం పగలగొట్టి పోయారు. మీ గుంపుకి మళ్లీ ఇల్లివ్వను!" ఆ అరుపు హోటలంతా వినపడింది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను పగలగొట్టానా?" గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టాడు. "ప్రాణాలు కాపాడినవాణ్ణి పట్టుకుని! వినండి. పొద్దున్నే ఆరింటికి సూర్యోదయం చూద్దామని అందరం స్వెట్టర్లు తొడుక్కుని తలుపు దగ్గరికొచ్చాం. తోశాను. కదల్లేదు. బావా నేనూ కలిసి తోశాం. ఊహూఁ! ఎందుకో తెలుసా? అవతల ఎలుగుబంటి ఆనుకుని కూర్చుంది!"

"చూశావా?" అన్నాడు లారీ డ్రైవరు.

"కిటికీ నిండా పొగమంచు, ఏం చూస్తాం బాబాయ్? లెక్క కట్టాను. పద్నాలుగు మందిమీ తోశాం. మనిషికి అరవై కిలోలు, మొత్తం ఎనిమిది వందల నలభై. ఎలుగు ఒక్కోటీ నూట డెబ్బై. అయిదుంటే తప్ప లెక్క కుదరదు!"

"ఆరోదానికి చోటు చాల్లేదేమో," అన్నాడు హోటలాయన.

"నవ్వండి, నవ్వండి! అక్కడ మా అత్తయ్య శోకాలు పెడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తలుపుకి సోఫా ఆనించి, సోఫాకి ఫ్రిజ్ ఆనించి, హైలెస్సా అని ఒక్క తోపు! ఆ తర్వాత ఏమైందో చెప్పనా? తలుపు కదల్లేదు, ఇల్లు కదిలింది! నాలుగడుగులు వెనక్కి జరిగింది. పెరట్లో ఉన్న పైన్ చెట్టు వంటింటి కిటికీలోంచి తల దూర్చింది. ఇక నేనొక గావుకేక పెట్టేసరికి, అయిదూ కొండ దిగి ఒకటే పరుగు! పదింటికి మేం అలిసిపోయి సోఫా, ఫ్రిజ్ పక్కకి జరిపి కూలబడ్డాక, వాచ్‌మన్ గ్యాస్ బండతో వచ్చి, భుజంతో తలుపు తోసుకుని లోపలికొచ్చి, మమ్మల్ని చూసి గజగజ వణికాడు. నమ్మరా? ఇదిగో ఫోటో, మేం తోస్తుండగా బావ తీశాడు!"

"మరి బావ తొయ్యలేదా?"

"మధ్యలో అడ్డు రాకు బాబాయ్!"

పన్నెండో పేరు వడ్రంగి మేస్త్రిది. మూల నుంచి లేచొచ్చి, ఫోను అందుకుని, కళ్లజోడు సర్దుకున్నాడు.

"మడతబందులు లోపలివైపున్నాయి నాయనా. వాచ్‌మన్ తోసుకుని లోపలికొచ్చాడని నువ్వే అన్నావు. అది లోపలికి లాగాల్సిన తలుపు. పద్నాలుగు మందీ కలిసి నాలుగు గంటలు దాన్ని గట్టిగా మూసి పట్టుకున్నారు." ఫోను బల్ల మీద పడేశాడు. "చట్రం పగలక ఏం చేస్తుంది? బాగుచేయించేదాకా నా పేరు కొట్టెయ్."

"నాదీ కొట్టెయ్," అన్నాడు డ్రైవరు.

"కొట్టేస్తా! అందర్నీ కొట్టేస్తా!" కుర్రాడు కాగితం నలిపి జేబులో కుక్కుకున్నాడు. "ఇప్పుడే వెళ్లి ఆవిడతోనే తేల్చుకుంటా!"

విసవిసా నడిచి హోటల్ అద్దాల తలుపు పిడి పట్టుకున్నాడు. వెనకాల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. రోజుకి నాలుగుసార్లు వచ్చిపోయే హోటలు, అంటే ఏడాదికి పద్నాలుగు వందల అరవై. ఆ తలుపు తోసేదో లాగేదో, వాటిలో ఒక్కసారీ గుర్తు రాలేదు.