మిగిలిన సగం తోట

వంటగదిలో వదిన, మరిది. పక్క గదిలో తలుపు వేసుకుని, కంప్యూటరు ముందు, ఇంటి పెద్దవాడు.

“మీ అన్నయ్య సంగతి నాకా చెప్తావు? పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నెలయింది, ఈయనకి నిన్న తెలిసింది. ఆ తెర మీద మార్కులేసుకునే ఆకులన్నీ మాత్రం పేరుపేరునా తెలుసు. నేనూ ఏ ఆకుగానో పుట్టుంటే ఈపాటికి నాకూ కాసిని మార్కులు పడేవి.”

“నవ్వించకు వదినా. సగం తోట పోయింది.”

“టమాటాలా?”

“కాయల మీదంతా బూడిద బూజు. ముట్టుకుంటే చేతికి పొడి రాలుతోంది. ఎప్పుడూ కొట్టే మందు ఈసారి వద్దన్నాడుగా అన్నయ్య, తను పంపిన ఆ వేరు రసమే కొట్టాను.”

“ఉండు. ఏమండీ! బయటికి రండి, మీ తమ్ముడొచ్చాడు.”

“ఎప్పుడొచ్చావురా?”

“ఇందాకే అన్నయ్యా. మందు పనిచెయ్యలేదు.”

“పనిచెయ్యకపోవడమేంటి? వేల మొక్కల్లోని రసాయనాలు కంప్యూటర్లో జల్లెడ పట్టానురా. ఆ బూజు బతకాలంటే ఒక ప్రొటీన్ కావాలి. మనది సరిగ్గా దాని గొంతుకి ముల్లులా అడ్డం పడింది. అన్నిట్లోకీ దీనికే మంచి స్కోరు!”

“తెర మీద పడిందేమో. నా తోటలో అది ముల్లు కూడా మింగి బలిసింది.”

“నువ్వు సరిగ్గా కలిపుండవు.”

“నువ్వు చెప్పినట్టే కలిపాను.”

“అయితే ఎండలో కొట్టుంటావు.”

“పొద్దున్నే కొట్టాను.”

“అదీ! ఆకుల మీద మంచుండగా కొట్టావు. మిగిలిన సగానికి రెండింతలు చిక్కగా కలిపి, సాయంత్రం పూట కొట్టు.”

“కొట్టమంటావా?”

“కొట్టమంటున్నాగా.”

“సరే. నీకు తెలియందా.”

“ఆగు నాయనా. ఏమండీ, ఇది ఒక్క మొక్క మీదన్నా కొట్టి చూశారా?”

“నీకర్థం కాదులే.”

“కాదు కాబట్టే అడుగుతున్నా. మేడ మీద కుండీల్లో టమాటాలు పెంచారుగా, అవేమయ్యాయి?”

“నువ్వేగా నీళ్ళెక్కువ పోసి చంపావు.”

“అవునవును, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అలాగే చెప్పారు. నా చేతిలో పచ్చనిదేదీ బతకదని పేరు కూడా వచ్చింది. మరి నీళ్ళెక్కువైతే కాయల మీద బూడిద బూజెందుకండీ?”

“ఏ మొక్కలన్నయ్యా?”

“ఏదో చిన్న ప్రయోగంరా. అలాంటివి లెక్కలోకి రావు.”

“వాటికి కొట్టింది నాకిచ్చిన మందేనా?”

“నువ్వెళ్ళి టీ పెట్టు.”

“పెట్టను. అడుగుతున్నాడుగా, చెప్పండి.”

“అదే మందు.”

“అవి చచ్చింది నాకు పంపకముందా, తర్వాతా?”

“ఏంట్రా, నన్ను బోనులో నిలబెడతావా?”

“ముందా, తర్వాతా?”

“ముందే.”

“తెలిసే పంపావా అన్నయ్యా?”

“తెలిసి కాదురా... స్కోరు అంత బాగుంటే, మొక్కదే తప్పనుకున్నాను. తర్వాత మీ వదినదన్నాను. ఇవాళ నీదన్నాను. ఆ మందు పారబొయ్యి. తప్పు నాది.”