ఇంజను ఆపిన సుందరరాజు

తిరువూరు బస్టాండు ఎదురుగా వెంకాయమ్మ టీకొట్టు బల్ల మీద స్కూలు వ్యాను డ్రైవరు సుందరరాజు కూర్చున్నాడంటే, గ్లాసులో టీ చల్లారాల్సిందే గానీ అతని నోరు చల్లారదు. ఆ సాయంత్రం బల్ల చివర అనంతపద్మనాభం గారు కూడా ఒదిగి కూర్చున్నారు. సోమవారం నుంచి ఆయన కూతురు శర్వాణి విస్సన్నపేట బడికి వెళ్లాల్సింది ఈ సుందరరాజు వ్యానులోనే. అది కుదరదంటే ఇక హాస్టలే. పదేళ్ల పిల్ల, జడ వేసుకోవడం కూడా ఇంకా రాదు. అందుకే మనిషి ఎలాంటివాడో ఒకసారి చూసిపోదామని వచ్చారు.

"నిరుడు విజయవాడ నుంచి ఆఫీసరొచ్చి డ్రైవర్లందరికీ మీటింగు పెట్టాడా," అంటున్నాడు సుందరరాజు, "మన బళ్ల పొగంతా ఆకాశంలో దుప్పటిలా పరుచుకుని భూమి ఉడికిపోతోందయ్యా, కాస్త తగ్గించండి అన్నాడు. మిగతావాళ్లు బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడు విస్సన్నపేట దారిలో దిగుడు వచ్చింది చూడండి, టక్కున ఇంజను ఆపేశా. బండి చప్పుడు లేకుండా జారిపోయింది. చుక్క డీజిలు ఖర్చు లేదు, పిసరు పొగ లేదు."

అనంతపద్మనాభం గారి గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. "పిల్లలుండగానా అండీ?"

"పిల్లలుండగానే సార్! బరువుంటేనే కదా జారేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊపుకి అవతలి ఎత్తు కూడా ఎక్కేసింది."

"ఎత్తెలా ఎక్కిందిరా?" అన్నాడు మామిడితోటల జగన్నాథరావు.

"పిల్లల్ని ఊపిరి బిగబట్టి ముందుకి వంగమన్నా బాబాయ్. అలా వంగీ వంగీ విస్సన్నపేట దాకా ఇంజను లేకుండానే పోయాం."

"మరి బ్రేకు?" అనంతపద్మనాభం గారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఇంజను ఆపితే సరిగా పట్టదంటారు కదా."

"బ్రేకా! దాన్ని తొక్కి ఏడాదైంది సార్. తొక్కితే ఊపు పోదూ?"

ఆయన కళ్ల ముందు హాస్టలు గదిలో మంచం కింద తోసిన రేకుపెట్టె మెదిలింది.

"అసలు సంగతి ఇప్పుడు వినండి. పొగ తగలక సైలెన్సరుకి ఆకలేసింది. ముందు పోతున్న లారీల పొగ పీల్చడం మొదలెట్టింది. ఆ పొగ ట్యాంకులో మళ్లీ డీజిలైపోయి పొంగిపొర్లుతుంటే, బంకువాడే బిందె పట్టుకుని నా వెనక పరిగెత్తాడు. ఆకాశంలో ఆ పొగ దుప్పటి కాస్తా పోయి, మొన్న మే నెలలో ఊరు ఊరంతా రగ్గులు కప్పుకుందా లేదా?"

"మా ఇంట్లో తడిగుడ్డలు కప్పుకున్నాం నాయనా," అంది వెంకాయమ్మ.

"మీ వీధి కాస్త లోపలికి పిన్నీ, చలి ఇంకా అక్కడికి రాలేదు. ఢిల్లీ నుంచి ఫోను, సుందరరాజు గారూ, ఇక చాలించండి, హిమాలయాల్లో మంచు ఎక్కువైపోయి దార్లు మూసుకుపోతున్నాయని..."

ఇంతలో మెకానిక్ షెడ్డు వైపు నుంచి రిబ్కా వచ్చింది. వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఆమె.

"అన్నా, బండికి సెల్ఫు స్టార్టరు బాగైందంట. ఇక నువ్వు ఇంజను ఆపుకోవచ్చంట!"

"ఇన్నాళ్లూ ఆపలేదా ఏంటి?" అన్నాడు జగన్నాథరావు.

"ఎక్కడండీ! ఆపితే మళ్లీ అందరం దిగి తొయ్యాలని, ఏడాదిగా బడి గేటు దగ్గర కూడా ఆపడే! ఆ పొగకి దగ్గలేక చచ్చాం. ఇక దిగుడొచ్చిందంటే చాలు, ఫస్టు గేరేసి, బ్రేకు మీద కాలు తీయకుండా, దేవుడా దేవుడా అనుకుంటూ దింపుతాడు. ఎడ్లబండి మమ్మల్ని దాటిపోతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు."

కొట్టంతా గొల్లున నవ్వింది. సుందరరాజు చల్లారిన టీలోకి తల దించేశాడు.

అనంతపద్మనాభం గారు మాత్రం నవ్వలేదు. "నిజంగా ఎడ్లబండేనా అమ్మా?" అని మళ్లీ అడిగారు.

"రోజూ అండీ!"

ఆయన గుండెల్లోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. అప్పుడు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగేంత. లేచి వచ్చి సుందరరాజు పక్కనే కూర్చున్నారు.

"సోమవారం నుంచి మా అమ్మాయిని పంపిస్తాను సుందరరాజు గారూ. బడి గేటు దగ్గర మాత్రం ఇంజను ఆపండి, పిల్లలకి పొగ మంచిది కాదు. దిగుడులో మాత్రం ఆపకండి."

"ఆపనండి," అన్నాడు సుందరరాజు.

అంత చిన్న మాట అతని నోట వినడం వెంకాయమ్మకి అదే మొదలు.