మోగిన గంటకు మెమో

గంట మోగింది. మోగలేదని ఎనభై మంది పిల్లల చేత చేతులెత్తించారు. మోగిందన్న ఒక్క పిల్ల చేత క్షమాపణ పత్రం రాయించారు. ఆ పిల్ల చెప్పింది నిజమేనన్న మనిషికి మెమో ఇచ్చారు. ఇవాళ అదే మనిషిని ఈ వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పూలగుత్తి ఇచ్చి, ‘ముప్పై మూడేళ్లు మౌనంగా సేవలందించిన మా ప్రయోగశాల సహాయకురాలికి’ అని చెక్కించిన జ్ఞాపిక ఇవ్వబోతున్నారు.

అధ్యక్షత వహిస్తున్న రిజిస్ట్రారు గారికి, భౌతికశాస్త్ర శాఖాధిపతి గారికి, పెద్దలకి, తోటి పనివాళ్లకి చెప్పాల్సిన నమస్కారాలు తర్వాత చెబుతాను, అప్పటిదాకా నన్ను ఇక్కడ నిలబడనిస్తే. (నవ్వులు)

నేనెవరో తెలియనివాళ్ల కోసం ఒక మాట. నేను భౌతికశాస్త్రం ల్యాబులో కాంట్రాక్టు అటెండర్ని. రెండేళ్లయింది చేరి. బడిచదువు పదో తరగతితో సరి. ఆ పైన నేర్చుకున్నదంతా స్టోర్‌రూములో చెదలు తినగా మిగిలిన పుస్తకాల్లోంచి, ఇదిగో మధ్య కుర్చీలో ఉన్న ఈ పిన్ని నోట్లోంచి. నా సొంత పిన్ని కాదు, ల్యాబులో అందరికీ పిన్నే. నన్ను మాట్లాడమన్నది మన గుమస్తా గారు. ‘రెండు ముక్కలు, నవ్వొచ్చేవి చెప్పవోయ్, అందరూ బరువుగా మాట్లాడితే జనం టీ కోసం లేచిపోతారు’ అన్నారు. గుమస్తా గారూ, ఇవాళ ఎవరూ లేవరు లెండి. మీరు ముందు ఆ మైకు వైరు మీంచి చెయ్యి తీయండి. (నవ్వులు)

రిజిస్ట్రారు గారూ, ఏటా ఒకసారి మన విశ్వవిద్యాలయం చుట్టుపక్కల బడుల పిల్లల్ని, కాలేజీ పిల్లల్ని లోపలికి పిలిచి ల్యాబులు చూపిస్తుందని, దానికి ఓపెన్ డే అని పేరని మీకు నేను చెప్పక్కర్లేదు. గేటు దగ్గర రిబ్బను కత్తిరించేది మీరే. రిబ్బను తెగాక లోపల ఏం జరుగుతుందో మాత్రం మీరు చూసి ఉండరు, మీ కారు అటు నుంచి అటే వెళ్లిపోతుంది కాబట్టి. అది చూసినవాణ్ణి నేను.

పిన్ని చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ రోజు ఎలా నడిచేదో ముందు చెప్పాలి. మా దగ్గర ఒక గాజు మూత ఉంది, బోర్లించిన పెద్ద బిందెంత. దాని లోపల ఒక కరెంటు గంట వేలాడుతూ ఉంటుంది. కింద పంపు. పంపు లోపలి గాలిని లాగేస్తున్నకొద్దీ గంట చప్పుడు సన్నబడి, సన్నబడి, చివరికి వినపడకుండా పోతుంది. గంట కొట్టుకోవడం కంటికి కనిపిస్తూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏమీ అందదు. గాలి లేనిచోట శబ్దం ప్రయాణం చెయ్యదని చూపించడానికి అది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు.

పిన్ని ఏం చేసేదంటే, మొదటిసారి కావాలని గాలి లోపలికొచ్చే మర కాస్త తెరిచి ఉంచేది. పంపు ఎంత లాగినా గంట మోగుతూనే ఉంటుంది. అప్పుడు ఎంతో పెద్దమనిషిలా మొహం పెట్టి, ‘చూశారా, ఆగిపోయింది’ అనేది. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవాళ్లు. పెద్దావిడ కదా, యూనిఫారం వేసుకుంది కదా, ఆగే ఉంటుందిలే అనుకునేవాళ్లు. ఎక్కడో మూల నుంచి ఒక గొంతు లేచేది, ‘ఆగలేదండీ’ అని. అంతే! ‘రా తల్లీ ఇలా’ అని ఆ పిల్లని పిలిచి, పంపు స్విచ్చు ఆ పిల్ల చేతికే ఇచ్చి, ‘నేను చేసిన తప్పేమిటో వెతుకు’ అనేది. మర మూసేది ఆ పిల్లే. గంటని ఆపేదీ ఆ పిల్లే.

నా మీదా చేసింది ఆ ప్రయోగం. చేరిన మొదటి వారం. ‘ఏరా, ఆగిందా?’ అంది. పైమనిషి అడుగుతోంది కదా అని, ‘ఆగింది పిన్నీ’ అన్నాను. వీపు మీద ఒక్కటి చరిచింది. ‘చెవులు నీవా, నావా? నా మొహం చూసి చెప్పకు, గంట విని చెప్పు’ అంది. నాకు తెలిసిన సైన్సు ఏదైనా ఉంటే అది ఆ దెబ్బతోనే మొదలైంది. (నవ్వులు, చప్పట్లు)

పిన్నీ, తల దించుకోకు. నవ్వుతున్నది నిన్ను కాదు, నన్ను.

ఇక ఈ ఏడు సంగతి. ఈ ఏడు ఓపెన్ డే ‘ఘనంగా’ చేయాలని పైనుంచి మాట వచ్చింది. పండక్కి పందిళ్లు వేసినట్టు ఎవరో కంపెనీవాళ్లు వచ్చి గేటు నుంచి మెట్లదాకా బ్యానర్లు కట్టారు. ల్యాబు ఇరుగ్గా ఉంది, ఫొటోలు బాగా రావని మా సామానంతా ముందురోజు సాయంత్రం ఈ హాల్లోకే మోయించారు. మోసిన కూలీలది తప్పు కాదు, వాళ్లకేం తెలుసు; గాజు మూత అంచు కింద ఉండే రబ్బరు రింగు అప్పుడే చిరిగింది. అది అప్పటికే పాతబడి పగుళ్లిచ్చింది. కొత్తది కావాలని పిన్ని ఇండెంటు పుస్తకంలో మూడుసార్లు రాసింది. మూడుసార్లూ పక్కన ‘చూద్దాం’ అని ఉంది. చూద్దాం అన్నవాళ్లు ఈ వరసలోనే కూర్చున్నారు, నేను వాళ్లవైపు చూడను.

మరి పిన్ని ఎక్కడ? పిన్నిని ఆ రోజు మంచినీళ్ల బల్ల దగ్గర వేశారు. ‘స్టేజీ మీద అటెండర్లు కనపడితే బాగుండదు, అతిథులొస్తారు’ అన్నారు. అంతకుముందు ముప్పై రెండేళ్లూ ఆ గంటని ఆపిన మనిషి గ్లాసులు కడుగుతోంది. పంపు దగ్గర నన్ను పెట్టారు, అదీ తెర వెనక.

శాఖాధిపతి గారు స్వయంగా ప్రయోగం చేశారు. మాట చాలా బాగుంటుంది ఆయనది, ఆ విషయంలో వంక పెట్టలేం. శబ్ద తరంగాలు, శూన్యం, విశ్వం, నక్షత్రాలు... పిల్లలు నక్షత్రాల దాకా వెళ్లిపోయారు. నేను పంపు వేశాను. చిరిగిన అంచులోంచి గాలి సుయ్యిమని లోపలికి పోతోంది, నాకు వినిపిస్తోంది. గంట కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ యథాప్రకారం ట్రింగుమంటోంది. ఆయన చెయ్యి పైకెత్తి అన్నారు: ‘చూశారా పిల్లలూ, ఇప్పుడు శబ్దం పూర్తిగా ఆగిపోయింది.’

ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్. (నవ్వులు)

నవ్వండి, నవ్వాల్సిన చోటే. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, ఎంతో మర్యాదగా, ‘సార్, మోగుతోంది కదండీ’ అంది. ఆయన అన్న మాట వినండి: ‘లేదమ్మా, అది నీ చెవుల్లో మిగిలిపోయిన శబ్దం.’

తర్వాత ఇంకో పని చేశారు. దాన్ని నేను మర్చిపోలేను. ‘సరే, ఎంతమందికి వినిపించడం లేదో చేతులెత్తండి’ అన్నారు. మొదట పక్కన నిలబడ్డ టీచర్ల చేతులు లేచాయి. టీచర్లని చూసి పిల్లలవి లేచాయి. ఎనభై చేతులు. గంట మోగుతూనే ఉంది. ఆ పిల్ల ఒక్కతే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క పిల్ల మోచేత్తో పొడిచింది, ‘ఎత్తవే’ అని. ఎత్తలేదు.

అప్పుడు వెనక ద్వారం దగ్గర, నీళ్ల ట్రే చేత్తో పట్టుకుని నిలబడ్డ పిన్ని అంది: ‘మోగుతోంది సార్. పాప చెప్పింది నిజమే. రింగు పోయింది. అయిదు నిమిషాలివ్వండి, నిజంగానే ఆపిస్తాను.’

‘నువ్వు నీళ్లు పంచు’ అన్నారాయన.

పిన్ని ట్రే కింద పెట్టింది. స్టేజీ ఎక్కింది. యూనిఫారం జేబులోంచి రింగు తీసింది. పాత లారీ ట్యూబు కత్తిరించి తనే చేసుకున్నది, ‘చూద్దాం’ అన్నవాళ్ల మీద నమ్మకం లేక. (చప్పట్లు) గ్రీజు పూసింది, మూత దించింది, అరచేతులతో నొక్కింది. ‘వెయ్యరా’ అంది నాతో. వేశాను. గంట సన్నబడింది. సన్నబడింది. ఆగింది. నిజంగా ఆగింది. అప్పుడు ఆ పిల్ల వైపు తిరిగి, ‘ఇప్పుడు చెప్పమ్మా’ అంది. ‘ఇప్పుడు ఆగిందండీ’ అంది పిల్ల.

ఓపెన్ డే అంటే అది. ఆ అయిదు నిమిషాలే. మిగతాదంతా బ్యానరు.

దానికి వచ్చిన బహుమతి నా దగ్గర ఉంది, చదువుతాను. ‘అనుమతి లేకుండా పరికరమును తాకి, హోదాకు మించి ప్రవర్తించి, సందర్శకుల సమక్షమున శాఖ ప్రతిష్ఠకు భంగము కలిగించినందుకు’ మెమో. ప్రతిష్ఠ! మోగే గంటని మోగడం లేదని చెప్పినప్పుడు భంగం కాని ప్రతిష్ఠ, ఒక వాషరు మార్చేసరికి భంగమైపోయింది.

శాఖాధిపతి గారు ఏదో అంటున్నారు. గట్టిగా చెప్పండి సార్, వెనకవాళ్లకి వినపడాలి. ‘ఇది సందర్భం కాదు.’ సరే సార్. మీ గదికి మూడుసార్లు వచ్చాను, మూడుసార్లూ మీటింగన్నారు. కాగితం రాసిచ్చాను, అదీ ‘చూద్దాం’లో కలిసింది. మీ ముందు, పెద్దల ముందు, నా చేతికి మైకు దొరకడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. మీరే చెప్పండి, ఇది కాకపోతే సందర్భం ఏది?

పిన్ని కూర్చోరా అంటోంది. కూర్చోను పిన్నీ. నీ సంగతి అయితే నువ్వు దులిపేసుకుంటావు, ఎన్ని దులుపుకోలేదు. నేను మాట్లాడుతున్నది ఆ పిల్ల గురించి.

ఓపెన్ డే అయిన వారానికి మన శాఖ నుంచి ఆ బడికి ఉత్తరం వెళ్లింది, ‘మీ విద్యార్థినుల క్రమశిక్షణ మెరుగుపడేవరకు ఆహ్వానించలేము’ అని. పదోరోజుకి జవాబు వచ్చింది. టపా విప్పేది నేను. హెడ్‌మాస్టరు గారి సంజాయిషీ వెనక, గీతల నోటుబుక్కులోంచి చింపిన ఒక కాగితం. అందులో గుండ్రటి అక్షరాలు: ‘శబ్దం ఆగిపోయినప్పటికీ నాకు వినిపించిందని తప్పుగా చెప్పినందుకు నన్ను క్షమించగలరు.’ కింద సంతకం, తరగతి, రోల్ నంబరు.



పదమూడేళ్ల పిల్లండీ. సరిగ్గా విన్నది. సరిగ్గా చెప్పింది. ఎనభై చేతుల మధ్య చెయ్యెత్తకుండా కూర్చుంది. అలాంటి పిల్ల కోసమే కదా మనం గేటు తెరిచామని ప్రతి ఏటా చెబుతున్నాం? ఆ పిల్ల దొరికింది. దొరికిన పిల్ల చేత, నా చెవులు తప్పు అని రాయించాం. ఇక ఆ పిల్ల జీవితంలో ఎప్పుడు ఏ గంట విన్నా, ముందు చుట్టూ చూస్తుంది, ఎవరైనా చేతులెత్తారా అని. విశ్వవిద్యాలయం నేర్పిన పాఠం అది.

మన విశ్వవిద్యాలయం వార్తాపత్రిక చూశారా? మొదటి పేజీలో ఆ ఫొటోయే వేశారు. ఎనభై చేతులు. కింద రాసింది: ‘ప్రశ్నలు అడగడానికి ఉత్సాహంగా చేతులెత్తిన విద్యార్థులు.’ (నవ్వులు) నవ్వు రావడం లేదు నాకు. ఆ ఫొటో మూలగా చూడండి, తెర పక్కన ఇంకో చెయ్యి కూడా లేచి ఉంటుంది. యూనిఫారం చొక్కా చెయ్యి. అది నాది.

అవును, నేనూ ఎత్తాను. పంపు పక్కన నిలబడి, గాలి లీకవుతున్న చప్పుడు చెవిలో పడుతూండగా ఎత్తాను. ఆ నెలలోనే కాంట్రాక్టు పొడిగింపు ఉంది. శాఖాధిపతి గారి చూపు ఇటు తిరిగింది, చెయ్యి దానంతటదే లేచింది. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

అందుకే ఈ జ్ఞాపిక మీద ‘మౌనంగా’ అన్న మాట చూస్తే ఒళ్లు మండుతోంది. మౌనంగా ఉన్నది నేను. ఇక్కడున్న మనలో చాలామందిమి. ఆవిడ ముప్పై మూడేళ్లు మాట్లాడుతూనే ఉంది. ఇండెంటు పుస్తకంలో మాట్లాడింది, పిల్లలతో మాట్లాడింది, నిండు హాల్లో మాట్లాడింది.

పిన్నీ, నాకు పని నేర్పావు, అన్నం తినేప్పుడు పాఠం చెప్పావు, తప్పు చేస్తే వీపు చరిచావు. నీకు నా దండాలు. పెద్దలకి చెబుతానన్న నమస్కారాలు కూడా ఇందులోనే కలుపుకోండి, విడిగా చెప్పే ఓపిక లేదు.

సెలవు అడిగే ముందు నాకు కావల్సింది అడుగుతాను. రిజిస్ట్రారు గారూ, మిమ్మల్నే. సోమవారం నెలాఖరు, పిన్ని రిటైరయ్యే రోజు. ఆ సాయంత్రం పిన్ని సర్వీసు ఫైలుకి కట్టకట్టి బీరువాలో పెడతారు. ఆ తర్వాత ఆ మెమో తీయడం ఎవరి తరమూ కాదు. అంతకుముందే మెమో రద్దయిందని రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలి. ఆ పిల్ల క్షమాపణ కాగితం ఆ పిల్లకే తిరిగి వెళ్లాలి, దానితోపాటు శాఖాధిపతి గారి సంతకంతో ఒక ఉత్తరం: ‘అమ్మా, గంట మోగింది, నువ్వు సరిగ్గానే విన్నావు’ అని. అంతే, ఇంకేమీ అలంకారాలు వద్దు. ఆ బడి పేరు మళ్లీ ఆహ్వానాల జాబితాలోకి ఎక్కాలి.

నోటిమాట వద్దు, ‘చూద్దాం’ అసలే వద్దు. కాగితం మీద జవాబు రాకపోతే, మంగళవారం పొద్దున బడి గంటకి నేను ఆ స్కూలు ఆవరణలో ఉంటాను. పిల్లలందరూ వరసలు కట్టి నిలబడ్డప్పుడు, ఆ పిల్ల ఎదురుగా, ఆ రోజు నేను అబద్ధానికి చెయ్యెత్తానని చెప్పుకుంటాను. ఎవరు ఎత్తించారో కూడా చెబుతాను. నా కాంట్రాక్టు ఏమైనా కానివ్వండి.

ల్యాబులోనే ఉంటాను. జవాబు సోమవారం సాయంత్రం అయిదు గంటల్లోపు.