లోపలి షిఫ్టు

ఉపరితల బొగ్గు గనిలో ఎండదెబ్బకు సొమ్మసిల్లిన తండ్రి, చంద్రపూర్ ఆసుపత్రిలో నిన్ననే కళ్ళు తెరిచాడు. అప్పుడే డ్యూటీకి పోతానని పట్టుబడుతున్నాడు. వద్దంటే వినే మనిషి కాడని తెలిసిన కూతురు, మంచం పక్కన కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు ఒలుస్తోంది.

"బాపూ, గీ గుడ్డు మల్ల పచ్చిగైతదా?"

"ఎట్లయితది? ఉడికిపాయె."

"దీంట్ల ఉన్నది ప్రొటీనే, నీ ఒంట్ల ఉన్నది ప్రొటీనే. ముందుగాల పూసల దండ లెక్క తయారైతది. తర్వాత తనంతట తనే ముడుచుకొని ఒక రూపానికొస్తది. ఆ రూపముంటేనే పని చేస్తది. వేడెక్కువైతే విచ్చుకపోయి, ఒకదానికొకటి చిక్కుపడ్తయి. గుడ్డు గట్టిపడ్డది గందుకే."

"మరి నేనెందుకు ఉడకలే?"

"లోపట సాయం చేసే ప్రొటీన్లుంటయి. వేడి తగిల్తే ఇంక ఎక్కువ పుడ్తయి. విచ్చుకున్నదాన్ని పట్టుకొని, చిక్కుపడకుంట ఆపి, మల్ల సరిగ్గ ముడుచుకోనిస్తయి."

"వాటికి ఎవలు జెప్తరు?"

"ఎవలు జెప్పరు."

"సూపర్‌వైజర్ గూడ లేడా?"

"లేడు బాపూ."

అతను తన అరచేతిని అటూ ఇటూ తిప్పి, కొత్తగా చూస్తున్నట్టు చాలాసేపు చూసుకున్నాడు.

"నేను సోయి లేకుంట పడుంటే, గవి డ్యూటీ చేసినయన్నట్టు."

"ఇప్పుడు గూడ చేస్తున్నయ్."

ఆమె అందించిన గుడ్డును అతను నెమ్మదిగా తిన్నాడు.

"మా గని సాహెబుకు ఫోన్ కలుపు బిడ్డా."

ఆమె ఫోన్ తీసి, నంబరు నొక్కకుండా ఆగింది. "ఏమని చెప్తవ్?"

"లోపట మనోళ్ళ షిఫ్టు ఇంక అయిపోలేదని చెప్త. అయినంకనే డ్యూటీకొస్త."