గైడు గారికే పంపిన ఫిర్యాదు

"మేడమ్, నా ఫిర్యాదు చదివిందెవరు?"

విద్యార్థుల ఫిర్యాదుల కార్యాలయంలో ఆ పరిశోధక విద్యార్థిని ఇదే ప్రశ్న మూడోసారి అడిగింది. అధికారిణి ఫైలు తెరిచింది.

"నిబంధన ప్రకారం మీ విభాగానికి పంపామమ్మా."

"విభాగంలో ఎవరికి?"

"మీ గైడు గారికే."

"ఏడాదిగా నా థీసిస్ మీద సంతకం పెట్టనిది ఆయనే కదండీ!"

"ఆయన సంగతి ఆయనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? 'జాప్యమేమీ లేదు' అని రాసిచ్చారు. పరిష్కారమైందని ముద్ర వేసేశాం."

"శుక్రవారం థీసిస్ సమర్పించే గడువు దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది మేడమ్."

"అయ్యయ్యో! అయితే ఇంకో ఫిర్యాదు రాసివ్వు తల్లీ."

"అది ఎవరికి పంపుతారు?"

అధికారిణి కళ్ళజోడు తుడుచుకుని అదే ఫైలు మళ్ళీ తెరిచింది. అమ్మాయి కుర్చీలోంచి కదలలేదు.

పాఠకులారా, మీ పిల్లల ఫిర్యాదు ఎవరి బల్ల మీదికి చేరుతోందో రేపే వెళ్ళి అడగండి. జవాబు వచ్చేదాకా మీరూ లేవకండి.