మబ్బుకు గడ్డి మొలిపించిన తిరుమల్

సికింద్రాబాద్ కార్ఖానాలో భద్రయ్య చాయ్ దుకాణం ముందు తిరుమల్ నోరు విప్పాడంటే రెండో చాయ్ చెప్పుకోవాల్సిందే, మొదటిది అయిపోయేలోపు కథ తెమలదు. అయితే ఆ ఆషాఢం సాయంత్రం అతను సరదాకి మాట్లాడటం లేదు. ఎదురుగా బల్ల మీద నరసరాజు కూర్చున్నాడు. ఆయనది భీమవరం వైపు, కాప్రాలో కొత్తగా కట్టిన విల్లాల సంఘానికి ప్రెసిడెంటు. విల్లాల మధ్య ఎకరం మట్టినేల ఉంది, అందులో లాన్ వేయించాలని వచ్చాడు. ఆఫీసెక్కడండీ అని ఫోన్లో అడిగితే తిరుమల్ ఈ దుకాణానికే దారి చెప్పాడు.

తిరుమల్‌ది హైడ్రోసీడింగ్ పని. గరిక గింజలు, కాగితం గుజ్జు, ఎరువు, జిగురు, ఎక్కడ పడిందో కనబడటానికి కాస్త పచ్చరంగు, అన్నీ టాంకర్లో నీళ్ళతో కలిపి పైపుతో నేల మీద కొట్టడం. పని మంచిదే, చేయించుకునేవాళ్ళే లేరు. ఈ బేరం కూడా కుదరకపోతే టాంకర్ అమ్మేసి, తన తమ్ముడి దగ్గర నీళ్ళ బండి నడపమని భార్య సృజన పొద్దున్నే తేల్చి చెప్పింది. బామ్మర్ది ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలుచుకుంటేనే తిరుమల్‌కి చాయ్ చేదుగా ఉంది. ఇప్పటిదాకా చేసిందల్లా ఒక్కటే పని, బోయిగూడలో ఒక ఇంటి వాకిలి. అది మొలిచిందో లేదో కూడా తెలీదు. చేయించుకున్న కుర్రాడు ఫోన్ ఎత్తడు, వెళ్ళి చూసే ధైర్యం తిరుమల్‌కి లేదు.

"ఇంతకుముందు ఎక్కడ చేశారండీ?" అడిగాడు నరసరాజు.

"బోయిగూడల చేసిన సార్. చిన్న వాకిలి. కొట్టి పోయిన, వారం తిరిగేసరికి గడ్డి."

దుకాణం లోపల అల్లం దంచుతున్న పెద్దావిడ తలెత్తి చూసింది. ఆవిడ భద్రయ్య అక్క అనసూయమ్మ. తమ్ముణ్ణి బోనాలకి పిలవడానికొచ్చి, ఊరికే కూర్చోలేక రోలు ముందేసుకుంది. ఆ చూపు మెచ్చుకోలే అనుకున్నాడు తిరుమల్. అక్కడితో ఆగితే పోయేది. కానీ నరసరాజు, "వారమంటే ఆలస్యమేనండీ" అని గొణిగాడు.

"వారమని మర్యాదకి చెప్పిన సార్, నమ్మరేమోనని. అసలైతే తెల్లారేసరికే మొలిచింది. మన దిక్కు వానకాలం ఉక్క మీకు ఎర్కనే, ఆరేసిన బట్టలు ఆరయి గని గింజ పడ్డదంటే ఆగదు. పైపు జెర జారి గోడ మీద పడ్డది, గోడకి సుత గడ్డి. పక్కింటి మేక గోడెక్కి మేసుకుంట మేసుకుంట పోయి రెండో అంతస్తు బాల్కనీల తేలింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"మేకకి సుత మొలిచిందా?" అన్నాడు భద్రయ్య, చాయ్ వడపోస్తూ.

"జెర ఆగు కాకా. మేకకెట్ల మొలుస్తది, బొచ్చు అడ్డం కదా. ఇంటాయనకి మొలిచింది. బట్టతల సార్ ఆయనది. గాలికి నాలుగు చుక్కలు పోయి నెత్తి మీద పడ్డయి. ఉక్కకి చెమట పడుతనే ఉంటది, నీళ్ళు పెట్టే తక్లీఫ్ సుత లేకపాయె. రెండు దినాలల్ల మెత్తగ, ఒత్తుగ, దువ్వెన దిగనంత. వాళ్ళావిడ ఖుషీతోని ఏడ్చింది. సెలూన్‌కి పోతే వాడు కత్తెర కింద పెట్టి, ఇది నా పని గాదు, మాలీని పిలువుండ్రి అన్నడు."

నరసరాజు చెయ్యి తనకి తెలీకుండానే తల మీదికి పోయింది. అక్కడ దువ్వెనకి పెద్దగా పనుండదు. అది చూసి తిరుమల్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మాది ఎకరం నేలండీ. మీ పైపు అంత దూరం కొడుతుందా?"

"దూరమా? గదే చెప్పవస్తున్న. అదే రోజు పంపుకి ప్రెషర్ ఎక్కువై, పైపు నా చేతులకెళ్ళి గుంజుకొని, మూతి మీదికి పెట్టి కొట్టుడు షురూ చేసింది. నేను పరేషాన్. అది నేరుగ పోయి మబ్బుకి తగిలింది. నల్లమబ్బు పచ్చగయింది. మబ్బుల తేమకేం తక్వ, గాడనే మొలిచింది! బరువెక్కి కిందికి దిగుకుంట దిగుకుంట ప్యాట్నీ చౌరస్తా మీద నిలబడ్డది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కురిసింది సార్. వాన గాదు, పచ్చిక. పట్టిన గొడుగు పట్టినట్టే లాన్ అయిపాయె. గొడుగు పట్టుకొని ముందల మనిషి నడుస్తుంటే, ఎనకాల బర్రెలు లైన్ కట్టినయి. కంటోన్మెంట్ల మిలిటరీ గుర్రాలు సుత తాళ్ళు తెంపుకొని వచ్చినయి. స్టేషన్ల ఆగిన రైలు డబ్బాల మీద మొలిస్తే, మేకలు ఎక్కి మేసుకుంట కాజీపేట దాక పోయినయి. గాడ టీసీ వాటిని టికెట్ అడిగిండు."

"మరి చూపించినయా?" అన్నాడు భద్రయ్య.

"టికెట్ సుత మేసినయంట కాకా."

నరసరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. బేరం కుదిరిపోయిందనే అనుకున్నాడు తిరుమల్. అప్పుడు ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని, "బావుందండీ. రేపు కమిటీ వాళ్ళని తీసుకొస్తాను, ఆ బోయిగూడ వాకిలి ఒకసారి చూపించండి. చూసి వెంటనే పని అప్పజెప్పేస్తాం" అన్నాడు.

ఆ వాకిలి చూపిస్తే బేరం పోయినట్టేనని తిరుమల్‌కి తెలుసు. నోరు మాత్రం ఆగలేదు.

"చూడనీకి లోపలికి పోలేరు సార్. గడ్డి నడుం దాక ఉన్నది. గేటు తెరుచుకుంటలేదు. ఇంటోళ్ళు కూరగాయలు సుత కిటికీల కెళ్ళి తీసుకుంటున్నరు."

లోపల అల్లం దంపుడు ఆగిపోయింది.

"పొద్దుగాల ఆ గేటుకెళ్ళే వచ్చిన బిడ్డా" అంది అనసూయమ్మ. "నీతోని పని చేయించుకున్న ఆశీష్ నా కొడుకు. వాని నెత్తి నిండ ఎంటికలే."

తిరుమల్ తాగబోతున్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వొచ్చిన దినం నేను యాదగిరిగుట్టకి పోయిన. తెల్లారి ఇంటికొస్తే వాకిలంత పచ్చగ, చక్కగ పెండనీళ్ళ సాన్పి చల్లి ఉన్నది. పెండ్లయి వచ్చినకాడికెళ్ళి నేను చెప్పకుండ ఒక్కనాడు సాన్పి చల్లని కోడలు ఆ దినం చల్లిందనుకొని నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. కడుపునిండ ముగ్గేసిన. మర్నాడు ఊడ్చి మళ్ళ ఏసిన. దినాం ఊడుసుడు, దినాం ముగ్గేసుడు. నా చీపురు కింద నీ గడ్డి ఏడికెళ్ళి మొలుస్తది?"

"అది కల్లాపి కాదని మీ కోడలు చెప్పలేదా అమ్మా?" అన్నాడు నరసరాజు.

"కల్పలత ఎందుకు చెప్తది? గల్లీలందరి ముందల దాన్ని మెచ్చుకున్న. బంగారు గాజులు తీసి పెడదామనుకున్న. ఇప్పుడు గదా తెలిసింది నాకు. ఇంటికి పోయినంక ఇద్దరి సంగతి చెప్త, దానిదీ, నోరిప్పని నా కొడుకుదీ."

భద్రయ్య స్టవ్ వైపు తిరిగి నవ్వుకున్నాడు. తిరుమల్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. బామ్మర్ది నీళ్ళ బండి, దాని హారన్ మోత కూడా వినబడుతున్నట్టే ఉంది.

నరసరాజు లేచాడు. "లాన్ సంగతి వేరే వాళ్ళతో మాట్లాడుకుంటాం లెండి" అన్నాడు. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి అనసూయమ్మని అడిగాడు. "ఆ పచ్చదనం వానకి పోలేదా అమ్మా?"

"ఏం పోలే. ముగ్గు కరిగింది గని అది పోలే."

"మా ఆవిడ జగదాంబకీ కోడలు మాధురికీ రోజూ ఈ కల్లాపి దగ్గరే గొడవండీ. మా విల్లాలన్నిట్లోనూ ఇదే తగువు. తీర్చలేక చస్తున్నాను." నరసరాజు తిరుమల్ వైపు తిరిగాడు. "బోనాలకి మా గేట్లన్నిటి ముందూ కొట్టేయండి. ఇంట్లో గోల తగ్గిందంటే ప్రతి పండక్కీ మిమ్మల్నే పిలుస్తాం."

తిరుమల్‌కి ముందు నమ్మకం కుదరలేదు. కుదిరాక వెన్ను నిటారైంది, గొంతు సర్దుకుంది.

"సాన్పి అంటే యాదికొచ్చింది సార్. ఒక్కసారి నేను కొడితే కార్ఖానా మొత్తం..."

"కొట్టు బిడ్డా, మంచిగ కొట్టు" అంది అనసూయమ్మ, రోకలి మళ్ళీ అందుకుంటూ. "గింజలు మాత్రం ఇంటికాడ పెట్టిపో. ఒకవేళ నిజంగనే మొలిస్తే, పాపం ఆళ్ళు ముగ్గు ఏడ పెడతరు?"