విమానాలకు కొత్త రూల్సు

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో చెల్లెలు మిషను మీద ఒక అద్దాన్ని అరగదీస్తుండగా, అన్న వచ్చి ఆమె ముందు నోటుపుస్తకం తెరిచి పెట్టాడు. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య ఆ ఆట ఊసే లేదు.

"ఏంటన్నయ్యా ఇది?"

"మన బొమ్మ సైన్యాల ఆటే. నేనూ మావాళ్లూ విమానాలకి కొత్తగా రూల్సు రాస్తున్నాం. ఒకసారి చూసిపెట్టు."

"విమానం బల్ల మీద ఎక్కడా ఆగకూడదన్నావు, బాగుంది. మలుపు తిరగడానికి జానెడు చోటేనా? ట్యాంకులా అక్కడికక్కడే తిరిగేస్తే అది విమానమెలా అవుతుంది? మూరెడు పెట్టు. కిందనుంచి కూల్చాలంటే పాచికలో ఆరు పడాలని రాయి."

అతను బుద్ధిగా రాసుకున్నాడు.

"ఆదివారం ఆటకి రారాదూ? నీ విమానాలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి."

"రాను."

"విమానం ఒక్క వంతే ఎగరాలి, తర్వాత బల్ల దిగిపోవాలి అని ఆ రోజు నేను పెట్టిన రూలు తప్పేనే."

"రూలు తప్పు కాదు. నేను గెలుస్తుంటే, ఆట మధ్యలో పెట్టావు. నెల్లాళ్లు కూర్చుని రంగులేసుకున్న విమానాలవి. నీ స్నేహితులంతా నీకే వంత పాడారు."

"ఓడిపోతానని భయమేసింది. వాళ్లందరి ముందూ, చెల్లెలి చేతిలో."

ఆమె మిషను ఆపింది.

"తెలుసన్నయ్యా. ఆ ముక్క ఆ రోజే అనుంటే, మళ్లీ ఆదివారానికి నవ్వుకుంటూ వచ్చేదాన్ని. ఇప్పుడు ఆడాలనే లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉండి ఉంటే, బతిమాలుకునే దారైనా అతనికి మిగిలేది.